గ్లాసు నీళ్ళు, ఒక ఫ్రెంచి నాటకకర్త, నా రెండో నెట్ అటెంప్ట్

కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్, ఇంగ్లిష్ సబ్జెక్టులో, మొదటి అటెంప్ట్‌కి డ్రామా యూనిట్‌ని ఎక్కాలు చదివినట్టు చదివాను. పేరు, పుట్టిన సంవత్సరం, నాటకం, దాని సంవత్సరం. పొద్దున ఐదింటికే లేచి గోడకి అంటించిన చార్టు చూసి వల్లె వేసేదాన్ని. పరీక్షకి పది రోజుల ముందు రాసిన మాక్ టెస్టులో మూడు తప్పులు పక్కపక్కనే దొరికాయి. 'త్రీ మస్కటీర్స్' రాసిన డ్యూమా, 'లేడీ ఆఫ్ ది కమీలియాస్' రాసిన డ్యూమా ఒకరే అనుకున్నాను, వాళ్ళేమో తండ్రీ కొడుకులు. ఫ్రెంచి నాటకకర్త సార్డూ, నార్వే నాటకకర్త ఇబ్సెన్ తర్వాతి తరం మనిషి అనుకున్నాను, ఇద్దరూ ఒకే తరం. ఇక 'వెల్-మేడ్ ప్లే' అంటే పేరులోనే ఉంది కదా, బాగా రాసిన నాటకం అని, అదొక మెచ్చుకోలు అన్న ఆప్షన్ పెట్టాను, నిజానికి అది ఒక ఫార్ములా ప్రకారం బిగుతుగా కథ అల్లిన నాటకాలకి పేరు. మూడోది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ అటెంప్ట్ పోయింది. రెండోసారి మొదలుపెట్టేటప్పుడు చార్టు చింపేసి, ఆ మూడు తప్పుల దగ్గరే కూర్చున్నాను. మూడూ తీగలాగితే ఒకే మనిషి దగ్గరికి పోయాయి: ఫ్రెంచి నాటకకర్త యూజీన్ స్క్రైబ్. ఫ్రెంచివాళ్ళు 'స్క్రీబ్' అని పలుకుతారు, నేనూ అలాగే రాస్తాను. లేకపోతే మనకి ఇంకో గొడవ ఉంది. ఆయన గురించి ఫోన్లో వెతికితే మొదట వచ్చింది పరీక్షలో దివ్యాంగ అభ్యర్థులకి బదులుగా రాసిపెట్టే స్క్రైబ్ నిబంధనలు! తర్వాత తెలిసి నవ్వొచ్చింది, ఈయన నాటకాల్లో చాలావాటికి పక్కన ఇంకో రచయిత పేరు ఉంటుంది. కథ ఒకరిది, మాటలు ఒకరివి, పాటలు ఒకరివి, మొత్తం బిగింపు ఈయనది. గిట్టనివాళ్ళు ఫ్యాక్టరీ అన్నారు. ఈయన మాత్రం కలిసి రాసినవాళ్ళ పేరు దాచలేదు, వాటా ఎగ్గొట్టలేదు.

గైడ్లలో స్క్రీబ్‌కి దొరికేది ఒకటిన్నర లైను. 'వెల్-మేడ్ ప్లే ఆద్యుడు, యాంత్రికం, లోతు లేదు.' నేను ఆయన జీవితం మొత్తం చదివాక ఆ ఒకటిన్నర లైను అబద్ధం కాదు గానీ, దాంతో ఒక్క ప్రశ్న కూడా ధైర్యంగా పెట్టలేం అనిపించింది.

1791 డిసెంబర్ 24న పారిస్‌లో ఒక పట్టు వ్యాపారి ఇంట్లో పుట్టాడు. లా చదవమని పంపితే నాటకాల వెంట పడ్డాడు. మొదట్లో రాసినవి వరసగా పోయాయి. ఇరవై నాలుగేళ్ళు నిండకముందే, 1815లో, నేషనల్ గార్డ్ కాపలా రాత్రి మీద రాసిన చిన్న హాస్య నాటిక నిలబడింది. అప్పుడు పారిస్‌లో నడిచే సరుకు వోడ్విల్: ఒక అంకం, జనానికి ముందే తెలిసిన బాణీల్లో పాటలు, గబగబా నడిచే కథ. 1820లో జిమ్నాజ్ థియేటర్ తెరిచాక ఆయన అక్కడ ఆస్థాన రచయితలాగా అయిపోయాడు. దుకాణాలవాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు టికెట్ కొని వచ్చి చూసేవాళ్ళు. వాళ్ళ ఇంటి కథలే, కట్నం, పెళ్ళి, అప్పు, ప్రమోషన్. మొత్తం మీద నాలుగు వందలకి పైగా నాటకాలు, ఆపెరా కథలు ఆయన పేరు మీద ఉన్నాయి. చనిపోయాక వచ్చిన సంపూర్ణ రచనలు 76 సంపుటాలు. 1834లో ఫ్రెంచ్ అకాడెమీకి ఎన్నికయ్యాడు. 1861 ఫిబ్రవరిలో పోయాడు.

డబ్బు సంగతి చాలామంది వదిలేస్తారు, నాకైతే అక్కడే ఆయన మీద గౌరవం పెరిగింది. రచయితకి ఏకమొత్తంగా ఇంత అని చేతిలో పెట్టి పంపించకుండా, ఆడిన ప్రతి రోజు వసూళ్ళలో వాటా ఇవ్వాలన్న పోరాటం నాటకకర్త బొమార్షే కాలం నుంచి, అంటే 1777 నుంచి ఉంది. దాని కొనసాగింపుగా 1829లో నాటక రచయితల, సంగీతకర్తల సంఘం ఏర్పడినప్పుడు ముందున్నవాళ్ళలో స్క్రీబ్ ఒకడు. పల్లెలో కొనుక్కున్న భవనం మీద ఆయన చెక్కించిన రెండు పాదాల సారాంశం ఇది: ఈ ఇంటికి డబ్బు కట్టింది నాటకశాల, దారిన పోయే బాటసారీ, నీకు కూడా థ్యాంక్స్, దీనికి నేను నీకే బాకీ ఉన్నానేమో. ఇంత నిజాయితీగా ప్రేక్షకుడికి బాకీ ఒప్పుకున్న రచయిత ఇంకొకడు నా సిలబస్‌లో కనపడలేదు.

ఇక నా పద్ధతి. అది కూడా ఆయన దగ్గర కొట్టేసిందే. 1840లో ఆయన రాసిన ఐదంకాల నాటకం 'గ్లాసు నీళ్ళు'. దానికి ఉపశీర్షిక 'ఫలితాలు, కారణాలు'. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఎడమ పేజీకి 'ఎందుకు?' అని, కుడి పేజీకి 'దీనివల్ల?' అని పెట్టుకున్నాను. సంవత్సరం ఒంటరిగా రాయకూడదు, ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి గీత ఉంటేనే రాయాలి. అంతే.

ఆ నాటకం కథ మీకూ చెప్తాను, ఎందుకంటే వెల్-మేడ్ ప్లే లక్షణాలు విడిగా బట్టీ పట్టక్కర్లేదు, ఇందులోనే అన్నీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో యాన్ రాణి కాలం. రాణి మెత్తని మనిషి, పెత్తనం మొత్తం డచెస్ ఆఫ్ మార్ల్‌బరోది. ఫ్రాన్స్‌తో యుద్ధం సాగాలని డచెస్, ఆగాలని ప్రతిపక్షంలో ఉన్న బోలింగ్‌బ్రోక్. మధ్యలో మాషమ్ అని ఒక కుర్ర సైనికాధికారి. ఈ అబ్బాయి ప్రేమించేది నగల షాపులో పని చేసే ఆబిగేల్‌ని. కానీ డచెస్ చాటుగా ఇతని మీద మనసు పడి ప్రమోషన్లు ఇప్పిస్తుంటుంది. రాణికీ ఇతనంటేనే ఇష్టం. డచెస్ సంగతి రాణికి తెలీదు, రాణి సంగతి డచెస్‌కి తెలీదు, అబ్బాయికి ఏదీ తెలీదు. మనకి మాత్రం అన్నీ తెలుసు. ఇదే మొదటి పాయింట్: రహస్యం ప్రేక్షకుడి చేతిలో ఉంటుంది, పాత్రల చేతిలో ఉండదు.

నిండు కొలువులో రాణి 'ఉక్కగా ఉంది, గ్లాసు నీళ్ళు' అని మాషమ్‌ని అడిగితే రాత్రికి రమ్మని గుర్తు. డచెస్‌కి పోటీగా ఇంకో ఆడమనిషి ఉందని, ఆమె ఇచ్చే గుర్తు ఇదని, పేరు మాత్రం చెప్పకుండా, బోలింగ్‌బ్రోక్ ముందుగానే డచెస్ చెవిన పడేలా చేస్తాడు, ఊరికే కాదు, బదులుగా తన పని ఒకటి చేయించుకుని. కొలువులో రాణి నీళ్ళు అడుగుతుంది. ఆ రెండో ఆడమనిషి ఎవరో డచెస్‌కి అప్పుడు తెలుస్తుంది. అసూయతో చేతులు వణికి, అందిస్తున్న నీళ్ళు రాణి బట్టల మీద ఒలికిపోతాయి. మాటా మాటా పెరిగి డచెస్ పదవి ఊడుతుంది. బోలింగ్‌బ్రోక్ మంత్రి అవుతాడు. యుద్ధం ఆగే దారి తెరుచుకుంటుంది. మాషమ్‌కి ఆబిగేల్‌తో పెళ్ళి. గ్లాసెడు నీళ్ళతో యూరప్ రాజకీయం తిరిగిపోయింది.

ఇది చరిత్ర కాదని స్క్రీబ్‌కీ తెలుసు. నాటకంలో బోలింగ్‌బ్రోక్ చేతే చెప్పిస్తాడు: నేను మంత్రినైంది సారబాండ్ నృత్యం వచ్చు కాబట్టి, పదవి పోయింది జలుబు చేసింది కాబట్టి అని. పెద్ద సంఘటనలకి పెద్ద కారణాలే ఉండాలన్న మన నమ్మకాన్ని వెక్కిరించడమే ఆయన సరదా. లోతు లేదనే విమర్శకులు ఈ ఒక్క నాటకం దగ్గర కొంచెం ఆగి ఉండాల్సింది అనుకుంటాను.

నేను రోజూ ఈ కథలు అన్నం తింటూ మా అమ్మకి చెప్పేదాన్ని. చెప్తే గుర్తుంటాయని. అమ్మ మూడు రోజులు విని, 'ఇది మన సీరియలే కద బిడ్డా, ఉత్తరం అత్త చేతుల పడ్తది, తలుపు సాటుకెల్లి ఇంటరు' అంది. కరెక్టే. ఉత్తరం తప్పు చేతిలో పడటం, ఒకరనుకుని ఇంకొకరితో మాట్లాడటం (దీన్నే ఫ్రెంచిలో 'కిప్రోకో' అంటారు), అంకం చివర ఒక కుదుపు, ఎప్పటి నుంచో ఎదురు చూస్తున్న ఇద్దరు ఎదురుబొదురు పడే సీను. ఆ చివరిదాన్ని ఫ్రెంచి విమర్శకుడు సార్సే 'సేన్ ఆ ఫేర్' అన్నాడు, ఇంగ్లిష్‌లో 'ఆబ్లిగేటరీ సీన్'. మా అమ్మ డిఫినిషన్ నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది.

ఇక్కడి నుంచి గీతలు కుడి పేజీకి లాగుతూ పోయాను. ముందు ఇబ్సెన్. 1851 నుంచి 1857 దాకా ఆయన నార్వేలో బెర్గెన్ థియేటర్‌లో పని చేశాడు, అక్కడ ఆడించిన నాటకాల్లో స్క్రీబ్‌వి బోలెడు. అంటే ఈ టెక్నిక్ ఆయనకి పుస్తకంలో కాదు, స్టేజీ మీదే చేతికి పట్టుబడింది. 'డాల్స్ హౌస్' (1879) మళ్ళీ తెరిచి చూడండి. అప్పు కోసం నోరా చేసిన దొంగ సంతకం రహస్యం, అది బయటపెడుతూ అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ నోరా భర్తకి రాసిన ఉత్తరం, తాళం వేసిన పోస్టు డబ్బా, ఆ డబ్బా భర్త తెరవకుండా ఆపడానికి టారంటెల్లా డ్యాన్స్. మొత్తం స్క్రీబ్ సామానే. చివరికి ఆ దొంగ సంతకం పత్రం తిరిగి వచ్చేస్తుంది, గండం గడుస్తుంది. స్క్రీబ్ అయితే అక్కడ తెర దించేవాడు. ఇబ్సెన్ దించలేదు. నోరా భర్తని కూర్చోమని చెప్పి మాట్లాడటం మొదలుపెడుతుంది. నాటకకర్త బెర్నార్డ్ షా తన 'క్వింటెసెన్స్ ఆఫ్ ఇబ్సెనిజం'లో ఇబ్సెన్ కొత్తదనం అని చూపించింది సరిగ్గా ఈ చర్చనే. ఎమ్మేలో రెండుసార్లు చదివిన నాటకం, ఆ కుర్చీ విలువ నాకు స్క్రీబ్ తర్వాతే తెలిసింది.

షా సంగతి ఇంకా మజా. స్క్రీబ్ శిష్య పరంపరలో పెద్దవాడు సార్డూ (1831–1908), నటి సారా బెర్నార్‌కి 'ఫెడోరా', 'లా టోస్కా' రాసినాయన. 1895లో షా ఆయన నాటకాలని 'సార్డూడిల్‌డమ్' అని ఎద్దేవా చేశాడు. ఈ మాట, సంవత్సరం, మనిషి మూడూ కలిపి గుర్తు పెట్టుకోండి. కానీ దానికి ముందు ఏడాది, 1894లో, ఇదే షా 'ఆర్మ్స్ అండ్ ది మ్యాన్'లో ఏం చేశాడు? నాయిక రైనా తన ఫోటో మీద రాసి, పారిపోతున్న సైనికుడికి ఇచ్చిన నాన్న కోటు జేబులో పెడుతుంది. ఆ కోటు, ఆ ఫోటో ఎవరి చేతిలో పడతాయా అన్న టెన్షన్ మీదే చివరి అంకం సగం నడుస్తుంది. తిట్టిన చేత్తోనే వాడుకున్నాడు. అదే 1895లో వైల్డ్ 'ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్'లో పుట్టుక రహస్యాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టి ఈ ఫార్ములాని ఆటపట్టించాడు.

చిన్న డ్యూమా (కొడుకు), ఇంకో ఫ్రెంచి నాటకకర్త ఆజియే, వీళ్ళిద్దరినీ నేను గబగబా ముగించాను. స్క్రీబ్ బిగింపు తీసుకుని అందులో సమాజం సమస్య పెట్టారు, ప్రాబ్లమ్ ప్లేకి దారి వేశారు. 'లేడీ ఆఫ్ ది కమీలియాస్' నవల 1848, నాటకం 1852, వెర్డి ఆపెరా 'లా ట్రావియాటా' 1853. ఆ మూడు అంకెలు చాలు.

నా పొరపాటు కూడా చెప్పాలి. ఆపెరాల్లో పడి రెండు వారాలు పోగొట్టుకున్నాను. స్క్రీబ్ కథలు రాసిన 'రాబర్ట్ ల డయాబ్ల్', 'లా జ్వీవ్', 'లే యుగనో', అన్నీ యూట్యూబ్‌లో వింటూ కూర్చున్నాను. ఆయన, డెలవీన్ కలిసి కథ రాసిన, సంగీతకర్త ఓబేర్ ఆపెరా 'పోర్టిచి మూగపిల్ల' 1830 ఆగస్టు 25న బ్రస్సెల్స్‌లో ఆడుతుంటే దేశభక్తి పాటకి జనం ఊగిపోయి వీధుల్లోకి వచ్చారు. ఆ గొడవలే బెల్జియం విప్లవానికి నాంది. అక్టోబర్ 4న స్వాతంత్ర్యం ప్రకటించారు. చిన్న కారణాల నుంచి పెద్ద ఫలితాలు అని పదేళ్ళ తర్వాత నాటకం రాసిన మనిషికి ఈ అనుభవం ముందే ఉందన్నమాట! అద్భుతమైన సంగతే, కానీ ఆ రెండు వారాల్లో రీసెర్చ్ మెథడ్స్ యూనిట్ మొత్తం అయిపోయేది. మీరు ఆపెరాలని ఫలితం వచ్చాక వినండి.

పరీక్షలో స్క్రీబ్ పేరు మీద నాకు ఒక్క ప్రశ్న కూడా రాలేదు. నిజం చెప్తున్నాను, ఎందుకంటే 'ఇది చదివితే ఇన్ని మార్కులు' అని నేను కూడా మోసపోయాను ఒకప్పుడు. నాకు తేడా తెలిసింది కాలక్రమంలో పెట్టమనే ప్రశ్నల దగ్గర, ఒక వాక్యానికి ఇచ్చిన కారణం సరైనదేనా అని అడిగే అసర్షన్–రీజన్ ప్రశ్నల దగ్గర. ఇంతకుముందు సంవత్సరం గుర్తు రాకపోతే చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు ఎవరి పని చూసి ఎవరు నేర్చుకున్నారు, ఎవరిని ఎవరు తిట్టారు అని ఆలోచిస్తే వరస దానంతట అదే కుదురుతోంది. పేపర్ టూలో వంద ప్రశ్నలు, నెగెటివ్ మార్కింగ్ లేదు, కాబట్టి సగం తెలిసినా వదలక్కర్లేదు, ఆ సగం ఎక్కడిదో తెలియాలి.

ఈసారి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యాను. పరిశోధనకి ఫెలోషిప్ ఇచ్చే జేఆర్ఎఫ్ చేజారింది, పేపర్ వన్ లెక్కలు దెబ్బ కొట్టాయి, దానికి స్క్రీబ్ ఏం చేస్తాడు. ఫలితం చూపిస్తే అమ్మ, 'ఆ నీళ్ళ గిలాసాయన గురించి అడిగిన్రా?' అంది. అడగలేదమ్మా అన్నాను. 'మరి అన్ని రోజులు ఎందుకు చెప్పినవ్' అని లోపలికి పోయింది. మళ్ళీ జేఆర్ఎఫ్‌కి రాస్తున్నాను. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో ఫ్రెంచి రచయితలు జోలా, ఆన్రి బెక్ ఉన్నారు, కుడి పేజీ ఇంకా ఖాళీగా ఉంది.