465లోంచి 447లోకి

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నాది చిన్న డీటీపీ షాపు. సిరిమానోత్సవం ఫ్లెక్సీల పని మీద పడే వేళకి మా పాత కంప్యూటర్ ఆన్ కావడానికే నాలుగైదు నిమిషాలు తీసుకునేది. పాత హార్డ్ డిస్కు బదులు, వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వెయ్యక తప్పలేదు.

"కొత్తగా విండోస్ ఎక్కించేద్దాం మావయ్యా, అరగంట పని" అన్నాడు మేనల్లుడు. వాడికి అరగంటే. ఆ తర్వాత పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, పదేళ్లుగా పోగేసిన ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ సర్దుకునేది నేను కదా! పాత డిస్కులో ఉన్నది ఉన్నట్టు కొత్తదానికి నకలు తీయాల్సిందే, అంటే క్లోన్ చేయాల్సిందే అన్నాను.

ఏ సాఫ్ట్‌వేర్‌తో అన్నదే తేలలేదు. అందరూ చెప్పే మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కి 2024 జనవరితో సపోర్ట్ ఆగిపోయింది. క్లోనెజిల్లా ఉచితమే, కానీ కంప్యూటర్‌ని పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ (బూట్) చేయాలి. డిస్కులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో కనిపిస్తాయి. అవి తారుమారయ్యాయా, ఖాళీ డిస్కు వచ్చి పదేళ్ల పని మీద కూర్చుంటుంది. అందుకే డిజైన్ ఫైళ్లన్నీ ముందు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, సైజు, మోడల్ నంబరు రెండుసార్లు సరిచూసి నొక్కాను.

అంతా చేస్తే, కొత్త డిస్కు చిన్నదని క్లోనెజిల్లా మొరాయించింది. పాతది 500 జీబీ, కొత్తది 480. విండోస్ లెక్కలో 465, 447. నిండింది 180 జీబీయే, కానీ అది చూసేది డిస్కు మొత్తం సైజు. ఎక్స్‌పర్ట్ మోడ్‌లో దారి ఉంది. దానికి ముందు పాత డిస్కులోని పార్టిషన్‌ని (డిస్కులో విడగొట్టిన భాగాన్ని) కుదించాలి. పండగ ముందు ఆ ప్రయోగం నావల్ల కాదు.

నేను కొన్నది క్రూషియల్ డ్రైవ్. అది తగిలించి ఉంటే అక్రోనిస్ ట్రూ ఇమేజ్ అనే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వాడుకోవచ్చు, క్రూషియల్ సైట్‌లోనే దొరుకుతుంది. డేటా పడితే చాలు, పార్టిషన్లను అదే తగ్గించి సర్దుతుంది. డబ్బా తెరిచిన రోజే ఈ సంగతి చూసి ఉంటే ఒక పూట మిగిలేది.

పాత యూఎస్‌బీ పోర్టు కావడంతో రెండు గంటలు పట్టింది. నా టెన్షనంతా కరెంటు గురించే, యూపీఎస్ బ్యాటరీ అంతంతమాత్రం. అయ్యాక పాత డిస్కు కేబుల్ పీకేసి ఆన్ చేశాను. రెంటికీ ఒకటే సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు నంబరు) కదా, కలిపి ఉంచితే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది.

అను కీబోర్డులో 'శ్రీరస్తు' కొట్టి చూశాను. వచ్చింది. పాత డిస్కు మీద తేదీ రాసి సొరుగులో పెట్టాను, సిరిమాను అయ్యేదాకా ఫార్మాట్ చెయ్యను.