జాగానా, కరెంటా? ఉప్పల్‌లో కూర్చుని సిస్టమ్స్ ఎకాలజీ మాస్టర్స్ చేసిన నా అనుభవం

నాది సివిల్, 2011 బ్యాచ్. అపార్ట్‌మెంట్లకి, హాస్పిటళ్లకి ఎస్టీపీలు (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్లు) డిజైన్ చేసే చిన్న కంపెనీలో పదేళ్లు పని చేశా. అదే గాలి ఊదే బ్లోయర్, అదే ఏరేషన్ ట్యాంకు, అదే స్లడ్జ్. 2020లో ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్లా, మేమే కట్టిచ్చిన ఎస్టీపీ, ఎనిమిది నెలలైంది అంతే. వెళ్లి చూస్తే బ్లోయర్ బంద్. దాని ఎంసీబీ స్విచ్ కిందకి దించేసి ఎవరూ ముట్టుకోకుండా ప్లాస్టర్ వేశారు, ఎందుకన్నా అంటే కరెంటు బిల్లు మేడమ్ అన్నాడు ఆపరేటర్. ట్యాంకులోంచి నల్లటి నీళ్లు అలాగే వెనక కాలువలోకి పోతున్నాయి. ఆ కాలువలో జమ్ము నిలువెత్తు పెరిగి ఉంది, ఆ జమ్ము దాటాక ఒక వంద అడుగుల అవతల నీళ్లు మా ట్యాంకులో కంటే తేటగా ఉన్నాయి. నాకు నిజంగా సిగ్గనిపించింది. మేం లక్షలు పెట్టించి చేయలేని పని ఎవరూ నాటని జమ్ము చేస్తోంది కదా, దానికి లెక్క ఏమైనా ఉందా అని ఆ రాత్రి వెతకడం మొదలుపెట్టా. అలా వెతుకుతూ వెతుకుతూ ఎకలాజికల్ ఇంజనీరింగ్ అనే మాట దగ్గరికి వచ్చి పడ్డా.

ఆ మాటని 1960ల్లో వాడుకలోకి తెచ్చింది హోవార్డ్ ఓడమ్ అనే అమెరికన్ ఎకాలజిస్ట్. క్లుప్తంగా చెప్పాలంటే పనిలో ఎక్కువ భాగం ఎండకి, నీటికి, మొక్కలకి వదిలేసి మనిషి, మోటారు చేసే పని తగ్గించుకోవడం. దీని మీద సిస్టమ్స్ ఎకాలజీ పేరుతో (చెరువునో అడవినో మొత్తం ఒక వ్యవస్థగా చూసి లెక్క కట్టే చదువు) ఒక అమెరికా యూనివర్సిటీలో ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేయొచ్చని తెలిసి ఎగిరి గంతేశా. ఇంట్లో అత్తమ్మ మాత్రం, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఇప్పుడు చదువేందమ్మా అంది, ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.

అప్లికేషన్ తంతు ఎక్కువ చెప్పను. ట్రాన్‌స్క్రిప్టుల కోసం మా పాత కాలేజీ చుట్టూ, యూనివర్సిటీ చుట్టూ రెండు నెలలు తిరిగా, సీల్డ్ కవర్ మీద స్టాంపు సగం పడిందని ఒకసారి వెనక్కొచ్చింది. 30 క్రెడిట్లు, అంటే 10 కోర్సులు. ఉద్యోగంతో పాటు సెమిస్టర్‌కి ఒకటే చేయగలనని ముందే తెలుసు కాబట్టి ఎండాకాలం సెమిస్టర్లు కూడా వదలకుండా 2021 ఫాల్‌లో మొదలెట్టి 2024 డిసెంబర్‌లో ముగించా. డబ్బు సంగతి ఒక్కటి చెప్తా: ఫీజు ఒకేసారి కట్టక్కర్లేదు, కోర్సు కోర్సుకి కట్టొచ్చు, అది సుఖమే, కానీ నేను చేరినప్పుడు డాలర్ 74 దగ్గర ఉంటే చివరి ఫీజు కట్టేటప్పటికి 84. ఏడాదిలో పంపేది 7 లక్షలు దాటితే టీసీఎస్ (డబ్బు బయటకి పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడేది అప్పట్లో, ఇప్పుడు ఆ పరిమితి 10 లక్షలు చేశారు. పడినా రిటర్న్స్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు, భయపడక్కర్లేదు. ఇంకోటి, ఇక్కడ గవర్నమెంట్ ఉద్యోగమో లెక్చరర్ పోస్టో మీ మనసులో ఉంటే విదేశీ ఆన్‌లైన్ డిగ్రీకి ఈక్వివలెన్స్ ఇస్తారా లేదా అన్నది చేరకముందే రాతపూర్వకంగా కనుక్కోండి. నాకు ఆ అవసరం లేదు కాబట్టి నేను ఆ జోలికి పోలేదు.

క్లాసులన్నీ రికార్డింగులే. సార్‌తో మాట్లాడాలంటే మాత్రం మంగళవారం వాళ్ల సాయంత్రం నాలుగింటికి, అంటే మనకి రాత్రి ఒంటిగంటన్నర. మొదటి నవంబర్‌లో వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారని నాకేం తెలుసు, నేను ఒంటిగంటన్నరకే లాగిన్ అయ్యి ఖాళీ స్క్రీన్ ముందు గంట సేపు కూర్చున్నా. ఎగ్జామ్ అప్పుడైతే కెమెరా పెట్టి గది నాలుగు మూలలూ చూపించాలి, ఎవరూ రాకూడదు. మిడ్‌టర్మ్ మధ్యలో అత్తమ్మ టీ గ్లాసుతో వచ్చి నా పక్కన పెట్టి, తాగమ్మా కళ్లు గుంజుకుపోయినయ్ అంది. పేపర్ ఫ్లాగ్ అయింది, అంటే కాపీ అనుమానం పడింది. ఆమె ఎవరు, ఏమంది, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చి రాసి పంపమన్నారు, పంపా, వదిలేశారు.

ఇక అసలు చదువు. మొదటి కోర్సులో ఎనర్జీ సర్క్యూట్ బొమ్మలు గీయడం నేర్పారు. గుండ్రటి సున్నా అంటే బయటి నుంచి వచ్చే సోర్సు, ట్యాంకు ఆకారం అంటే నిల్వ, బుల్లెట్ ఆకారం మొక్కలు, షడ్భుజి తినేవాళ్లు, అన్నిటి కిందా ఎర్త్ సింబల్ లాంటి బాణం, వేడిగా పోయేది. ఓడమ్ ఫ్లోరిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊటని కొలిచి 1957లో ప్రచురించిన లెక్క ముందు ఇస్తారు: చదరపు మీటరుకి ఏడాదికి మొక్కలు పట్టిన శక్తి 20,810 కిలోక్యాలరీలు, వాటిని తినేవాటికి 3,368, వాటిని వేటాడేవాటికి 383, పైనున్న పెద్ద చేపలకి 21. స్కూల్లో చదివిన పిరమిడ్డే, కానీ ఒక మనిషి నీళ్లలో దిగి ఒక్కో అంకె తీసుకొచ్చాడు అనుకుంటే వేరేగా ఉంటుంది.

మా అసైన్‌మెంట్ కూడా అలాంటిదే, మీకు దగ్గర్లో ఉన్న నీటిలో 24 గంటల ఆక్సిజన్ కొలవండి అని. మా కాలనీ వెనకున్న చెరువు తీసుకున్నా. మీటర్ లేదు, ఆఫీస్ ల్యాబ్ నుంచి 300 ఎంఎల్ బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ తాగుతుందో చెప్పే కొలత) సీసాలు, కెమికల్స్ తెచ్చుకున్నా, మూడు గంటలకోసారి నేనూ మా ఆయనా టార్చి పట్టుకుని గట్టు మీదకి. సీసా నిండా బుడగ లేకుండా నీళ్లు పట్టి, మాంగనస్ సల్ఫేట్ పోసి, ఆల్కలీ అయొడైడ్ ఎజైడ్ పోసి మూత పెట్టి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. మధ్యాహ్నం మూడింటికి పట్టిన సీసాలో ముదురు ఇటుకరంగు, యాసిడ్ పోసి, స్టార్చ్ వేసి, థయోసల్ఫేట్ దింపితే నీలం పోయేసరికి బ్యూరెట్‌లో 14 ఎంఎల్ దిగింది. ఆ పద్ధతిలో ఎన్ని ఎంఎల్ దిగితే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు. మామూలుగా 25 డిగ్రీల నీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది ఎనిమిది చిల్లర, మిగతాదంతా పచ్చటి నాచు ఎండలో ఊదిన ఆక్సిజన్. అదే చెరువు, పొద్దున ఐదింటికి పట్టిన సీసాలో మడ్డి తెల్లగా ఉండిపోయింది. పాల విరుగుడు లాగా తెల్లగా. అంటే సున్నా. రాత్రంతా ఆ నాచూ, అడుగు బురదా కలిసి ఉన్నదంతా తాగేశాయి. చెరువుల్లో చేపలు ఎప్పుడూ పొద్దున్నే ఎందుకు తేలతాయో, ఎవడో మందు కలిపాడని మనం ఎందుకు అనుకుంటామో అప్పుడు అర్థమైంది. అన్నిసార్లూ మందే కాదు. మా ఆయన ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీశాడు, ఇప్పటికీ వాట్సాప్ డీపీ అదే.

తర్వాత దాన్నే ఎక్సెల్‌లో మోడల్ చేయమన్నారు. లోపలికి వచ్చేది మైనస్ బయటకి పోయేది, సంపు లెక్కే. రోజుకి 4 వస్తుంది, ఉన్నదాంట్లో సగం పోతుంది, కాబట్టి 8 దగ్గర నిలబడాలి. నేను తెలివిగా రోజుకో వరస ఎందుకని వారానికో వరస పెట్టా. 6తో మొదలుపెడితే 13 అయింది, తర్వాత మైనస్ 4.5, తర్వాత 39, తర్వాత మైనస్ 70. చెరువులో మైనస్ 70 ఆక్సిజన్! మూడు రాత్రులు ఫార్ములా వెతికా, ఫార్ములాలో ఏ తప్పూ లేదు. స్టెప్ పెద్దది. రోజుకి సగం చొప్పున పోవాల్సిన దాన్ని ఏడు రోజులకి ఒకేసారి తీసేస్తే ఉన్నదానికంటే ఎక్కువ తీసినట్టే కదా. బీటెక్‌లో ఎం-టూ అనే మ్యాథ్స్ పేపర్ బట్టీ పట్టి పాసైన పాపం అది.

నాకు అన్నిటికంటే నచ్చిందీ, అన్నిటికంటే విసిగించిందీ ఎమర్జీ. అత్తమ్మ దాన్ని చివరిదాకా ఎమర్జెన్సీ అనే అంది. ఒక వస్తువు మన చేతికి రావడానికి వెనకాల ఎంత ఎండ, వాన, బొగ్గు, మనిషి పని ఖర్చయిందో అంతా ఎండ లెక్కలోకి మార్చి కూడటం. ఆలోచన బ్రహ్మాండం. కానీ భూమికి మొత్తం ఏడాదికి వచ్చేది ఎంత అన్న ఆధార సంఖ్యనే వాళ్లు పలుమార్లు మార్చుకున్నారు, ఒకప్పుడు 9.44, తర్వాత 15.83, 2016 నుంచి 12, పక్కన ఇరవైనాలుగు సున్నాలు. నేను ఒక పాత పేపర్ నుంచి కొన్ని, కొత్తదాంట్లోంచి కొన్ని అంకెలు తీసి కలిపేశా. 15.83 నాటి పాతవాటిని 0.758తో గుణించాలి ముందు. సార్ ఎర్రగా గీసి, యాపిల్స్‌ని రూపాయల్లో, మామిడికాయల్ని అణాల్లో కూడినట్టుంది అనే అర్థం వచ్చేలా ఏదో రాశాడు, సగం మార్కులు పోయాయి.

ఆ ఎమర్జీ ప్రాజెక్టు మన నీళ్ల మీదే చేశా. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదలడంటారు కదా. 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920లో పూర్తి చేసిన చెరువు, అక్కడి నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా నీళ్లు వాలుకే వస్తాయి. కృష్ణా నీళ్లు అలా కాదు. నాగార్జునసాగర్ నిండినా 590 అడుగులు, అంటే 180 మీటర్లు, మన ఊరేమో 500 మీటర్ల పైన. కిలోలీటర్ నీళ్లు 350 మీటర్లు ఎత్తాలంటే పంపులో ఏ నష్టమూ లేదనుకున్నా దాదాపు ఒక యూనిట్ కరెంటు. గండిపేటలో ఆ పని ఎవరు చేస్తున్నారు? పైనున్న పొలాలూ, గుట్టలూ, వాగులూ, అంటే జాగా. అక్కడ జాగా ఇచ్చాం, ఇక్కడ కరెంటు ఇస్తున్నాం. ఆ డయాగ్రమ్ గీసిన రోజు ఆ ప్లాస్టర్ వేసిన ఎంసీబీ గుర్తొచ్చింది.

చివరి ప్రాజెక్టు మా అపార్ట్‌మెంట్‌కే. 24 ఫ్లాట్లు, బాత్రూమ్, బట్టల నీళ్లు ఇంటికి రోజుకి 240 లీటర్లు వేసుకున్నా, కంకర, మెట్టతామర, జమ్ముతో భూమి లోపల నీళ్లు పారే వెట్‌ల్యాండ్, అంటే చిత్తడి మడి. బీఓడీ 200 నుంచి 20కి రావాలి, చలికాలం 20 డిగ్రీలకి లెక్క కడితే 75 చదరపు మీటర్లు. కరెంటు సున్నా. సంతోషంగా అసోసియేషన్ మీటింగ్‌లో చెప్పా. ప్రెసిడెంట్ అంకుల్ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి, అంటే తొంభై గజాలమ్మా, మన దగ్గర గజం ఎంతుందో తెలుసా అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా, ఎందుకంటే మూడేళ్లలో ఏ ప్రొఫెసరూ నాకు గజాల్లో లెక్క అడగలేదు. ఆరు కార్ల పార్కింగ్ అది. బ్లోయర్ కరెంటు బిల్లు పక్కన పెట్టి చూస్తే అంకుల్ చెప్పిందాంట్లో న్యాయం ఉంది, ఈ ఊళ్లో ఎండ ఫ్రీ, ఎండ పడే జాగా ఫ్రీ కాదు. ఆ మాట రిపోర్టులో ఒక చాప్టర్‌గా రాశా, దానికే ఎక్కువ మార్కులొచ్చాయి.

తర్వాత నెల అంకులే పిలిచి, వాచ్‌మన్ గది పక్కన ప్రహరీ పొడుగునా ఎనిమిది గజాలు వాడుకో అన్నారు. నా లెక్కలో అది రెండు ఫ్లాట్లకి సరిపోతుంది, కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండిళ్ల వాషింగ్ మెషీన్, బాత్రూమ్ నీళ్లు దాంట్లోకి మళ్లించాం. ఇరవై ఎంఎం కంకర, ముందు జుట్టూ పీచూ ఆగడానికి చిన్న గుంత. ఆ గుంత వారానికోసారి తీయాలి, అదే అసలు పని, ఎవరూ చెప్పరు. అవతలి నుంచి వచ్చే నీళ్లతో వాచ్‌మన్ అన్న కార్లు కడుగుతున్నాడు. మెట్టతామర ఎర్రగా పూస్తోంది. పోయిన వారం మూడో ఫ్లోర్ ఆంటీ ఆపి, వాళ్ల నీళ్లు కూడా కలపొచ్చా అని అడిగింది, ఇంకో నాలుగు గజాలు కావాలి ఆంటీ అన్నా, మా స్కూటీ పెట్టే చోటు తీసుకో అంది.