సనత్‌నగర్ పేరులోని పని

చిన్నప్పుడు సనత్‌నగర్ అంటే సనత్కుమారుడి పేరు మీద కట్టిన ఊరనుకునేదాన్ని. "కాదమ్మా, అది ఉర్దూ మాట. సనత్ అంటే పరిశ్రమ, చేతిపని" అని నాన్న చెప్పారు. ఆయన పక్కనే ఉన్న బాలానగర్‌లో, ఒక చిన్న లేత్ షెడ్డులో టర్నర్, అంటే లేత్ మెషిన్ మీద లోహాన్ని తిప్పుతూ చెక్కే పనివాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనిపించిన గర్వం నాకిప్పటికీ గుర్తే.

ఈ పేటకు పెద్దదిక్కు ఆల్విన్ కంపెనీ. నిజాం కాలంలో, 1942లో పుట్టింది. బస్సు బాడీలు, హైదరాబాద్ రోడ్ల మీద తిరిగిన డబుల్ డెక్కర్లు, ఫ్రిజ్‌లు, తర్వాత వాచీలు. ఇంకో పక్క బాలానగర్‌లో సోవియట్ సాయంతో కట్టిన ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ. అంజిరెడ్డిగారు అక్కడ పనిచేసి బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు. హైదరాబాద్‌ను మందుల రాజధాని అంటారు కదా, దాని వేరు ఈ గేటు లోపలే ఉందని నా నమ్మకం.

పెద్ద ఫ్యాక్టరీల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం వాటి చుట్టూ మొలిచిన షెడ్లంటేనే ప్రాణం. పెద్ద ఫ్యాక్టరీలు బయటికిచ్చే విడిభాగాల పని, జాబ్‌వర్క్, అంతా వాటిలోనే. అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్తే ముందు కూలెంట్ (లోహం కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవం) వాసన తగిలేది. టూల్ తగలగానే ఉక్కు కమ్మీ నుంచి నీలిరంగు చిప్స్ ఉంగరాలు ఉంగరాలుగా ఊడిపడేవి. తాకబోతే "కాలుతుంది!" అని నాన్న అరిచేవారు. మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టేముందు ఆయన జాబ్‌ను, అంటే చెక్కుతున్న ముక్కను, బొటనవేలితో ఒకసారి నిమిరి చూసేవారు. ఎక్కడ గరుకుందో ఆ వేలికి ముందే తెలిసేది.

1990ల్లో ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది. తర్వాత ఐడీపీఎల్ కూడా మూతపడింది. ఇప్పుడు అటు మెట్రో, ఇటు 2021లో తెరిచిన బాలానగర్ ఫ్లైఓవర్, ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు. అయినా జనం ఆల్విన్ కాలనీ, ఐడీపీఎల్ కాలనీ అనే అంటారు. వినబడ్డప్పుడల్లా నాకు సంతోషమే.

మా ఇంటికొచ్చిన మొదటి ఫ్రిజ్ ఆల్విన్‌దే. పదిహేనేళ్లకు తలుపు కీలు పిన్ను అరిగిపోయింది, స్పేరు దొరకలేదు. నాన్న పాత పిన్ను జేబులో వేసుకుని షెడ్డుకెళ్లి, సాయంత్రానికి లేత్ మీద కొత్తది తిప్పి తెచ్చారు. బిగించి, తలుపు రెండుసార్లు తెరిచి మూసి, "ఇక దీనికి ఢోకా లేదు" అన్నారు. ఆ ఫ్రిజ్ ఇంకో ఎనిమిదేళ్లు నడిచింది.