ఆటు వేళ జోడుగుళ్లపాలెం రాళ్ల మీద

విశాఖ బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తుంటే జోడుగుళ్లపాలెం దగ్గర ఖోండలైట్ అనే రకం రాళ్లు సముద్రంలోకి దిగి ఉంటాయి. అమావాస్య మర్నాడు వెళ్లాం. అమావాస్య, పౌర్ణమి దాటిన రెండు మూడు రోజులే నీరు బాగా వెనక్కి తీస్తుంది. అష్టమి, నవమి నాడు వెళ్తే రాళ్ల మధ్య నీటి గుంటలు సరిగా బయటపడవు. ఆటు ఏ గంటకో పట్టికలో చూసుకుని, గంట ముందే దిగాం.

మేం వెతికింది బర్సటెల్లా లీచీ, సముద్రపు కుందేళ్లలో ఒకటి. 1817లో ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త బ్లాన్‌విల్ ఈ పేరు పెట్టాడు. నత్తల బంధువే, కానీ ఎదిగాక చిప్ప ఉండదు. మొదటి అరగంట రాళ్ల సందుల్లో వెతికాం, ఒక్కటీ లేదు. ఇది తినేది ఇసుక మీదా బురద మీదా పల్చగా పేరుకునే నీలి ఆకుపచ్చ నాచు పొరని. కెరటం నేరుగా కొట్టేచోట ఆ పొర నిలవదు. అందుకే రాళ్లు అడ్డుగా ఉండి, అడుగున ఇసుక చేరిన నిలకడ నీటి గుంటలకు మళ్లాం.

దొరికినదాన్ని ముందు తెగిపడిన నాచుముద్ద అనుకున్నాం. నల్ల గొడుగు అడ్డం పెడితే నీటి మీద ఆకాశపు మెరుపు పోయి అడుగు తేటగా కనిపించింది. జానెడు లోపే ఉంది. ఒళ్లంతా కొసలు చీలిన మెత్తటి పోగులు, వాటి మధ్య మెరిసే నీలం చుక్కలు. తల మీద తమలపాకు చుట్టినట్టున్న రెండు కొమ్ములు. వాసన పట్టేది వాటితోనే. తల అటూ ఇటూ ఆడిస్తూ పొరను గీరుకుంటూ పోతోంది. ఎంత అందమో!

పక్క రాయికి సేమియా ఉండలా గుడ్ల పోగు అంటుకుని ఉంది. ఒక్కో ప్రాణిలో ఆడా మగా రెండూ ఉంటాయి కాబట్టి ఏదైనా గుడ్లు పెట్టగలదు. చెత్త అనుకుని దాన్ని పీకొద్దు.

చేత్తో ఎత్తకండి. నీళ్లలోంచి తీస్తే తడిగుడ్డలా కూలబడుతుంది, భయపడి ఊదారంగు సిరా వదులుతుంది. రాయి తిప్పితే మళ్లీ అలాగే బోర్లించండి. లేకపోతే అడుగున అంటుకున్న స్పాంజీ ప్రాణులు ఎండకు చచ్చిపోతాయి. హవాయి చెప్పులు పాచి మీద జారతాయి, ఆలిచిప్పల అంచులు పాదం కోస్తాయి. మడమ కప్పే రబ్బరు బూట్లే మేలు.

ఆటు తిరిగిన అరగంటకే వెనుదిరిగాం. పోటు నీరు మన ముందున్న రాయి కంటే ముందు, వెనకున్న పల్లంలోకి ఎక్కుతుంది.