ఏడు నిమిషాల తేడా: అంతరిక్ష కేంద్రాన్ని పట్టుకున్న నా అనుభవం

ఈ సాయంత్రం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్ (నేల మీది హామ్ రేడియో మాటల్ని అందుకుని తిరిగి ప్రసారం చేసే పరికరం) మీదుగా వచ్చిన మాటలు నా చేతి రేడియోలో విన్నాను. ఒళ్లింకా పులకరిస్తూనే ఉంది.

రేడియో, యాగీ యాంటెన్నా (ఎటు గురిపెడితే అటువైపు సంకేతాల్ని బాగా పట్టేది) సమకూర్చుకోవడం ఒక పూట పని. కక్ష్య కూడా త్వరగానే అర్థమైంది: సుమారు 400 కిలోమీటర్ల ఎత్తు, 93 నిమిషాలకో చుట్టు. ఆలోపు భూమి 23 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి తర్వాతి చుట్టు పడమరకు జరుగుతుంది.

నన్ను ఏడిపించింది టైము. మూడుసార్లు యాంటెన్నా ఎక్కుపెడితే గరగర తప్ప ఏమీ లేదు. పోనీ కంటితోనైనా చూపిద్దామని మే నెలాఖరులో అక్కనీ, బావగారినీ, పిల్లల్నీ మేడెక్కించాను. కంప్యూటర్ లెక్క ప్రకారం సాయంత్రం 7:12కి రావాలి. 7:16 అయినా రాలేదు. "సరేలే, ఇంకోసారి చూద్దాం" అంటూ బావగారు భుజం తట్టి దిగిపోయారు. ఆ తట్టడం తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. చాప చుడుతుంటే 7:19కి వాయవ్యంలో లేచింది, మిణుకన్నదే లేని తెల్లటి చుక్క! నేను కేకేసి, పిల్లలు మెట్లెక్కి వచ్చేసరికి భూమి నీడలోకి వెళ్లి ఆరిపోయింది.

అనుభవం ఉన్న ఒకాయన్ని అడిగితే పెద్ద యాంటెన్నా కొనమన్నారు. కేంద్రం ఎప్పుడొస్తుందో లెక్కవేయడానికి నేను వాడిన టీఎల్ఈ ఏ రోజుదో అడగనే లేదు. అది అడగని వాళ్ల మాట విని డబ్బు పెట్టకండి.

టీఎల్ఈ అంటే కక్ష్య వివరాలుండే రెండు వరుసల అంకెలు. మొదటి వరుసలో తేదీ ఉంటుంది: రెండంకెలు సంవత్సరం, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజు. నాది 088, అంటే మార్చి 29! రెండు నెలల పాతది. గాలి రాపిడికి కేంద్రం కిందికి జారుతుంటుంది, అప్పుడప్పుడూ ఇంజన్లు మండించి పైకి లేపుతారు. ఒక్క కిలోమీటరు లేపితే చుట్టుకు ఒక సెకను పైన ఆలస్యం. రోజుకు పదిహేనున్నర చుట్లు. ఇక లెక్క మీరే వేసుకోండి.

ఈ రోజు టీఎల్ఈ వేసుకుని, కంప్యూటర్ గడియారం కూడా సరిచేశాను. రిపీటర్ 437.800 మెగాహెర్ట్జ్ మీద పలుకుతుంది. కానీ డాప్లర్ ప్రభావం వల్ల (దగ్గరికొచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ పెరిగినట్టు, దూరమయ్యేటప్పుడు తగ్గినట్టు అందుతుంది) కేంద్రం ఉదయించేటప్పుడు 437.810 దగ్గర మొదలుపెట్టి, అస్తమించేసరికి 437.790కి దిగాలి. ఎడమచేత్తో యాంటెన్నా, కుడిచేత్తో ట్యూనింగ్. చెప్పిన నిమిషానికే గరగర ఆగి, ఎవరో తమ కాల్‌సైన్ (రేడియోలో వాడే గుర్తింపు పేరు) చెప్పారు. పక్కనే నిలబడ్డ బావగారు వాచీ చూసుకుని, "మళ్లీ ఎప్పుడొస్తుంది?" అన్నారు.