లాగే జున్నుగాడికి ఏ బెల్టు? ఫిబ్రవరి నుంచి జూన్ దాకా

జున్ను మా ఇంటి దేశీ కుక్క. మగది, ఏడాదిన్నర వయసు, 19 కిలోల బరువు. లోతైన ఛాతీ, సన్నటి నడుము, తలంత లావు మెడ. ఒంటి తీరు ముందే ఎందుకు చెబుతున్నానంటే, షాపుకెళ్తే మొదట అడిగేది "ఏ బ్రీడండీ?" అని. దేశీ అనగానే లాబ్రడార్ కోసం కుట్టిన మీడియం సైజు చేతిలో పెడతారు. అది వీడి ఒంటికి ఛాతీ దగ్గర బిగుతు, నడుం దగ్గర వదులు.

మేముండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో. పొద్దున్న నేను తిప్పుతాను, సాయంత్రం నాన్న. నాన్నకి మోకాళ్ల నొప్పులు. అందుకని ఇక్కడ రాసే ప్రతి వస్తువుకీ పరీక్ష ఒక్కటే: బీచ్ రోడ్డు వైపు దిగే వాలులో పిల్లి ఎదురైతే, ఆ లీష్ (కుక్కని పట్టుకునే తాడు) నాన్న చేతిలో ఆగుతుందా, ఆగదా.

ఫిబ్రవరి

లాగే కుక్కకి లీష్ మెడకి తగిలిస్తే బరువంతా గొంతు మీదే. జున్నుగాడు గేటు దాటిన దగ్గర్నుంచీ ఖళ్లు ఖళ్లుమని దగ్గుతూనే నడిచేవాడు. మెడ బెల్టు మీద లాగుడు పడితే కుక్క కంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌తో అలా పెరగలేదనీ 2006లోనే పశువైద్యులు కొలిచి చూపించారు. 2020లో బ్రిటన్‌లో మెడ నమూనాకి రకరకాల బెల్టులు వేసి లాగి చూశారు. మెత్త పెట్టిన వెడల్పు పట్టీలతో సహా, గట్టిగా లాగితే మెడకి దెబ్బ తగలదని చెప్పదగ్గది ఒక్కటీ తేలలేదు. ఇప్పుడు మెడ బెల్టు ఉన్నది ఫోన్ నంబరు బిళ్ల కోసమే.

మా బావగారు చోక్ చైన్, అంటే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు, తెచ్చిచ్చారు. "ఒక్క గుంజు గుంజు, దెబ్బకి దారికొస్తాడు" అని హామీ. గొలుసు అటక మీదుంది, బావగారికి ఈ సంగతి తెలీదు. ముళ్ల బెల్టు గురించి షాపతను చెప్పబోతే వద్దన్నాను. స్ప్రింగుతో సాగే తాడు లీష్ కూడా లిస్టులో లేదు. అది ఎప్పుడూ కొంచెం బిగుతుగానే ఉంటుంది కాబట్టి, లాగితేనే తాడు వస్తుందని కుక్కకి నేర్పుతుంది. పైగా ఆ సన్న తాడు చేతి వేళ్లని కోసేస్తుంది.

ముందుగా వీపు మీద రింగున్న మామూలు హార్నెస్ వేశాం. దగ్గు ఆ రోజే పోయింది. లాగుడు మాత్రం పెరిగింది. మంచులో బండ్లు లాగే కుక్కలకి కట్టేదీ ఇలాంటి అమరికే: లాగుడు వీపు వైపు నుంచి, బరువంతా ఛాతీ ఎముక మీద. ఎద్దుకి కాడి కుదిరినట్టు కుదిరింది వాడికి.

ఎంత లాగుతున్నాడో చేతికి తెలుస్తుంది కానీ, పోయిన వారం కన్నా తగ్గిందా అంటే చెప్పలేం. అందుకే పూర్ణా మార్కెట్‌లో 25 కిలోల డయల్ కాటా కొన్నాను, వేలాడదీసి తూచే రకం. కింది కొక్కేనికి లీష్ పిడి తగిలించి, పై రింగు చేత్తో పట్టుకుని నడవడమే. కాటా కొక్కెం నోరు తెరిచే ఉంటుంది కాబట్టి రెండో లీష్ ఒకటి వదులుగా తగిలించి ఉంచాలి. డిజిటల్ లగేజీ కాటాలు ఒక అంకె దగ్గర ఆగిపోతాయి, ఈ పనికి రావు. డయల్ అయితే ముల్లు ఎక్కడ ఊగుతోందో కంటికి కనబడుతుంది. ఒక్కసారి ఎగిరినప్పుడు పడే అంకె వదిలేసి, పది అడుగులు ఒకే తీరుగా లాగినప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో అదే రాస్తున్నాను.

వీపు రింగుతో లెక్క: గేటు దగ్గర 6 నుంచి 7 కిలోలు. పెదజాలరిపేట పక్కన ఎండు చేపలు ఆరబెట్టే చోటు దగ్గర 12. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు 2. అంటే వాసనొచ్చిన చోట తన బరువులో సగానికి పైగా నా భుజం మీద పెడుతున్నాడు.

మార్చి

ఛాతీ మీద రింగున్న హార్నెస్ వచ్చింది. ముందుకి లాగితే లీష్ ఛాతీని పక్కకి తిప్పుతుంది. ఒళ్లు వంకర తిరిగాక వెనక కాళ్ల బలం పూర్తిగా పెట్టలేడు. పని చేసేది అంతే, మంత్రం ఏమీ లేదు. ఎండు చేపల దగ్గర ముల్లు 12 నుంచి 7కి దిగింది. నాన్న చూసి "ఏట్రా ఇది, గుర్రానికి కట్టినట్టు" అన్నారు గానీ, ఆ సాయంత్రం ఫోన్ చేసి పిలవకుండా మొత్తం చుట్టు తిరిగొచ్చారు.

అయితే నెలాఖరుకి ముల్లు మళ్లీ 9 దగ్గర ఊగుతోంది. ఎందుకా అని పక్కన వంగి నడుస్తూ చూశాను. రింగు ఛాతీ మధ్యలో లేదు. లాగడం మొదలెట్టగానే ముందు పట్టీ కుడి పక్కకి జారుతోంది, నాలుగడుగుల్లో రింగు చంక దగ్గరికి చేరుతోంది. ఇక అది ఛాతీ రింగు కాదు, పక్క రింగు. వాడు ఎడమ భుజం మీదికి వాలి హాయిగా లాగుతున్నాడు. సన్న నడుం కుక్కల్లో ఇది ఎక్కువ. నడుం పట్టీ వెనక్కి జారితే ముందు పట్టీ వదులవుతుంది, వదులైతే తిరుగుతుంది.

కొనేటప్పుడు "యాంటీ పుల్" అన్న అట్ట మీది మాట పక్కన పెట్టి, షాపులోనే వేయించి, రింగు పట్టుకుని పక్కకి లాగి చూడండి. ఛాతీ మధ్య నుంచి నాలుగు వేళ్ల కన్నా ఎక్కువ జరిగితే ఎంత ఖరీదైనదైనా వద్దు. దర్జీ టేపుతో రెండు కొలతలు తీసుకెళ్లండి: మెడ అడుగున, ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టూ. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరకూడదు. మోచేతికీ నడుం పట్టీకీ మధ్య కనీసం రెండు వేళ్ల ఎడం. అది లేకపోతే చంకలో వెంట్రుకలు ఊడతాయి. దేశీ కుక్కల బొచ్చు పొట్టి కాబట్టి, మన ఉక్కపోతకి చర్మం త్వరగా కమిలిపోతుంది.

వై ఆకారం పట్టీ మంచిదా, ఛాతీకి అడ్డంగా ఉండేదా అన్నది పెద్ద చర్చ. వై అయితే భుజం స్వేచ్ఛగా కదులుతుందని అందరూ అంటారు. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో రెండు రకాలూ వేసి నడిపించి కొలిస్తే, రెండూ భుజం ముందుకి చాచుకోవడాన్ని కొంత తగ్గించాయి. స్వేచ్ఛనిస్తుందనే రకం కూడా తప్పించుకోలేదు. నేను వై తీసుకున్నది భుజం కోసం కాదు, తక్కువ జారుతుందని.

మధ్యలో స్నేహితుడి దగ్గర హెడ్ హాల్టర్ అడిగి తెచ్చాను, ముక్కు మీదుగా వెళ్లే పట్టీ. లాగుడు బాగా తగ్గింది. నోరు తెరిచి ఒగర్చగలడు, అన్నం తినగలడు, అది మూతికట్టు కాదు. కానీ బీచ్ రోడ్డులో పొద్దున్న బళ్లు ఆపేసే భాగంలో వాకర్లందరిదీ ఒకే ప్రశ్న: "మూతి కట్టేశారేటండీ, కరిసేస్తాదా?" ఆ ప్రశ్నకైతే ఓర్చుకోవచ్చు. మావాడు పిల్లిని చూస్తే దూకే రకం. దూకినప్పుడు లీష్ చివర తల ఒక్కసారిగా పక్కకి తిరగడం నాకు నచ్చలేదు. నింపాదిగా లాగే బరువైన కుక్కకైతే, బిస్కెట్లు చూపించి నెమ్మదిగా అలవాటు చేసి, పొట్టి లీష్‌తో వాడుకోవచ్చు. పొడుగు తాడుతో మాత్రం వద్దు.

ఏప్రిల్

ఈ నెల ఎక్కువగా ఇనుప సామాను మీదే గడిచింది.

రెండు చివరలా హుక్కులున్న 2 మీటర్ల లీష్ తీసుకున్నాను. ఒకటి ఛాతీ రింగుకి, ఇంకోటి వీపు రింగుకి. మామూలుగా బరువు వీపు హుక్కు మీద, వాడు ముందుకి ఉరికితే ఛాతీ హుక్కు బిగిస్తాను. రెండు పక్కల నుంచీ పట్టు ఉంది కాబట్టి ముందు పట్టీ జారడం చాలా తగ్గింది, ముల్లు 5 దగ్గరికి వచ్చింది. నాన్నకి మొదట రెండు తాళ్లు చిరాకు. పిడి ఒక చేతికి, మధ్య భాగం ఇంకో చేతికి అని అలవాటయ్యాక "ఇదే ఉంచరా" అన్నారు.

కొన్నాళ్లకే ఒక హుక్కు నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి రావడం మానేసింది. మెరిసే హుక్కుల్లో చాలావరకు జింక్ కలిసిన పోత లోహం, పైన నికెల్ పూత. సముద్రం గాలికి పూత పొక్కిపోతుంది, లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది, ఇసుక చేరితే ఇక చెప్పక్కర్లేదు. హైదరాబాదు వాళ్లు రాసే రివ్యూల్లో ఈ బాధ కనబడదు. ఇత్తడి హుక్కు పచ్చబడుతుందే గానీ తుప్పు పట్టదు. స్టీలు అయితే 316 రకం అడగండి. మామూలు 304 కన్నా ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్లూ వలల సామాను అమ్మే కొట్లలో బోట్లకి వాడే హుక్కులు దొరుకుతాయి. నాకు కావలసినది అక్కడే దొరికింది, పెట్ షాపు ధర కన్నా తక్కువకి. కీచైన్లకి వాడే కారబైనర్లు మాత్రం వద్దు, అవి బరువుకి చేసినవి కావు.

కొత్త హుక్కు పెట్టి కుట్టించేటప్పుడు చెప్పులు కుట్టే ఆయనకి నైలాన్ దారం నేనే ఇచ్చాను. నూలు దారం ఉప్పునీళ్లకి పుచ్చిపోతుంది. చదరం కుట్టి మధ్యలో అడ్డగీతలు వేయమన్నాను. "మీ కుక్కకేనా బాబూ, ఆవుకా?" అన్నాడు. బీచికి వెళ్లొచ్చిన రోజు పట్టీలూ హుక్కులూ మంచినీళ్లలో ముంచి, బకిల్ లోపలి ఇసుక పోయేలా నాలుగైదుసార్లు తెరిచి మూయాలి.

మే

ఎండలు. నేల మీద చెయ్యి వెనక పక్క ఆనించి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే నడక లేదు. తెల్లారకముందే వెళ్లొస్తున్నాం.

తొందరగా తిరిగొచ్చేస్తున్నాం కాబట్టి ఆ సమయం నేర్పడానికి పెట్టాను. లీష్ బిగిస్తే ఆగిపోతాను, వదులైతే కదులుతాను. నా ఎడమ మోకాలి పక్కన నడిచినంతసేపూ ఉడకబెట్టిన చికెన్ ముక్కలు, శనగగింజంత సైజు. గేటు బయట వేపచెట్టు దగ్గర తృప్తిగా వాసన చూడనిచ్చి బయల్దేరితే గేటు అంకె 6 నుంచి 3కి పడింది. ఎండు చేపల దగ్గర మాత్రం 5 అలాగే ఉంది. అక్కడ చికెన్‌కి విలువ లేదు.

జూన్

వాన మొదలైంది. నూలు లీష్ ఆరడం లేదు, వాసన. తడిసిన నైలాన్ చేతిలో జారుతుంది. రబ్బరులా ఉండే పూత పట్టీ ఒకటి వాడుతున్నాను. నీళ్లు పీల్చదు, తుడిస్తే చాలు.

ఉరుము వినబడితే జున్నుగాడు వెనక్కి నడుస్తాడు. సన్న తల కుక్కలు హార్నెస్‌లోంచి బయటపడేది అలాగే. ఇంట్లో తలుపులు మూసి, ఎదురుగా నిలబడి లీష్ మెల్లగా ముందుకి లాగి చూశాను. మెడ పట్టీ చెవుల దాకా వచ్చింది. ఒక గాటు బిగించాను. దానితోపాటు మెడకి లాగితే కొంతవరకే బిగిసే మార్టింగేల్ వేసి, హార్నెస్ రింగుకి పొట్టి పట్టీతో కలిపాను. బరువు దాని మీద పడదు, హార్నెస్ ఊడితే పట్టుకోవడానికే. మరీ బెదిరే కుక్కలకి పక్కటెముకల చివర మూడో పట్టీ ఉన్న హార్నెస్‌లు కూడా ఉన్నాయి, మనకి ఇంకా ఆ అవసరం రాలేదు.

ప్రస్తుతం నాన్న సాయంత్రాలు వాడుతున్నది వై హార్నెస్, రెండు హుక్కుల లీష్, ఇత్తడి హుక్కులు, మార్టింగేల్. వాలులో నాన్న చేతిలో కాటా పెడితే 4. సాగర్ నగర్ వైపు జనం లేని ఇసుకలో వీపు రింగుకి 5 మీటర్ల తాడు కట్టి వదలాలని ఉంది. ఆ తాడుకి 316 హుక్కు కొట్టులో చెప్పి ఉంచాను, వచ్చే వారం ఇస్తామన్నారు.