డిలే ముందా, లూప్‌లోనా: యాంప్ ఎఫెక్ట్స్ లూప్‌తో నా అనుభవం

చాలాకాలం నేను వాడింది ఒకే చానెల్ ఉన్న క్లీన్ యాంప్, అంటే గిటార్ శబ్దాన్ని గరుకు చేయకుండా పెంచే యాంప్లిఫయర్. డిస్టార్షన్ (రాక్ గిటార్‌లో వినిపించే గరుకు శబ్దం) కావాలంటే కాలి కింద పెట్టుకునే ఎఫెక్ట్ పెట్టె, అంటే పెడల్ నొక్కాల్సిందే. గిటార్ నుంచి బయల్దేరిన సిగ్నల్ ట్యూనర్, వా (కాలితో టోన్ మార్చేది), ఓవర్‌డ్రైవ్ (డిస్టార్షన్ ఇచ్చేది), ఫేజర్ (శబ్దాన్ని ఊపేది), డిలే (ప్రతిధ్వనులు ఇచ్చేది), రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు చేసేది) అన్నీ దాటుకుని యాంప్ ముందున్న ఇన్‌పుట్‌లోకి వెళ్లేది. ఆ వరుసతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. రెండు చానెళ్ల ట్యూబ్ యాంప్ తీసుకున్నాకే చిక్కొచ్చింది. దాని లీడ్ చానెల్ డిస్టార్షన్ నచ్చే దాన్ని తీసుకున్నాను. తీరా పాత వరుసలోనే పెడళ్లన్నీ దాని ముందు పెట్టి, ఆ చానెల్‌లో డిలే ఆన్ చేస్తే స్వరాలన్నీ ముద్దయిపోయాయి.

మామూలుగా డిలేలో ప్రతిధ్వనులు ఒకదాని వెనుక ఒకటి తగ్గుతూ పోవాలి. ఇక్కడ మూడో ప్రతిధ్వని కూడా అసలు స్వరమంత గట్టిగా మోగుతోంది. తర్వాతి స్వరం మీటేసరికి పాతదీ కొత్తదీ కలిసి గరగరమంటున్నాయి. ఇక రివర్బ్ ఆన్ చేస్తే ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియనంత రొద.

కారణం డిస్టార్షన్ పనిచేసే తీరులోనే ఉంది. సిగ్నల్‌ను బాగా పెంచి, ఒక హద్దు దాటిన భాగాన్ని కోసేయడమే డిస్టార్షన్. గట్టి శబ్దం ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది. చిన్న శబ్దం గెయిన్ (ఆ పెంపు) వల్ల పైకి లేచి దాదాపు అక్కడికే చేరుతుంది. అంటే డిలే తగ్గించి పంపిన ప్రతిధ్వనిని లీడ్ చానెల్ మళ్లీ పెంచేస్తోంది. పైగా రెండు స్వరాలు కలిసి క్లిప్ అయితే, అంటే ఇలా కోతపడితే, వాటి ఫ్రీక్వెన్సీల మొత్తానికీ తేడాకీ సమానమైన కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. పవర్ కార్డ్‌లో (మూల స్వరం, పంచమం కలిపి మీటేది) అవి వినసొంపుగానే ఉంటాయి. పోయిన స్వరానికీ ఇప్పటి స్వరానికీ మధ్య పుడితే మాత్రం అపస్వరమే.

పాత యాంప్‌లో ఈ గొడవ ఎందుకు లేదంటే, అక్కడ ఓవర్‌డ్రైవ్ పెడల్ డిలే కంటే ముందుండేది. ప్రతిధ్వనులు పుట్టాక వాటిని కోసేవాళ్లెవరూ లేరు. ఇప్పుడు డిస్టార్షన్ పుట్టే చోటు యాంప్ లోపలికి మారింది. డిలే దాని తర్వాత ఉండాలంటే అదీ యాంప్ లోపలికి దూరాలి. అందుకు పెట్టిన దారే ఎఫెక్ట్స్ లూప్.

గిటార్ యాంప్‌లో రెండు భాగాలుంటాయి. గెయిన్, బాస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లున్న ప్రీయాంప్ ఒకటి. స్పీకర్‌ను నడిపే పవర్ యాంప్ రెండోది. ఆ రెంటి నడుమ తీగను తెంపి, రెండు కొసలనూ వెనుక పలకపై జాక్‌లుగా పెడితే అదే లూప్. సెండ్ జాక్‌లో ప్రీయాంప్ నుంచి సిగ్నల్ బయటికొస్తుంది, రిటర్న్ జాక్ ద్వారా పవర్ యాంప్‌లోకి వెళ్తుంది. సెండ్ నుంచి డిలే ఇన్‌పుట్‌కు, డిలే ఔట్‌పుట్ నుంచి రిటర్న్‌కు కేబుళ్లు పెట్టాను. గిటార్ నుంచి ముందు పెడళ్లకు ఒకటి, అక్కడి నుంచి యాంప్ ఇన్‌పుట్‌కు ఇంకొకటి ఎలాగూ ఉన్నాయి. ఫోర్ కేబుల్ మెథడ్ అని గిటారిస్టులు చెప్పుకునేది ఇదే. మల్టీ ఎఫెక్ట్స్ పెట్టెతో కూడా ఇలాగే చేస్తారు.

ఆన్ చేయగానే తేడా తెలిసింది. ప్రతిధ్వనులు అసలు స్వరం వెనుక మెల్లగా తగ్గుతూ పోతున్నాయి. ఎంత గెయిన్ పెట్టినా అంతే. కానీ ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. తీగలను కాస్త గట్టిగా కొడితే చిటపటమనే చెడ్డ డిస్టార్షన్ ఒకటి వినిపించింది. ఇది ట్యూబులది కాదు, డిలే పెడల్‌దే. అది ఆఫ్‌లో ఉంటే లేదు, ఆన్ చేస్తే ఉంది.

యాంప్ మాన్యువల్ తిరగేస్తే విషయం తెలిసింది. ఆ లూప్ +4 డీబీయూ (సిగ్నల్ బలానికి ఒక కొలత) స్థాయిలో పనిచేస్తుంది. అంటే సుమారు 1.23 వోల్టులు. స్టూడియోల్లో వాడే ర్యాక్ యంత్రాలకు తగిన స్థాయి అది. నేల మీద పెట్టుకునే పెడల్ గిటార్ పికప్ ఇచ్చే చిన్న సిగ్నల్ కోసం తయారైంది. అడాప్టర్ 9 వోల్టులదే అయినా, చాలా డిజిటల్ పెడళ్ల లోపల సర్క్యూట్ నడిచేది 5 వోల్టులపైనో 3.3 వోల్టులపైనో. గట్టిగా మీటినప్పుడు వచ్చే శిఖరాలకు అక్కడ చోటుండదు. అదృష్టవశాత్తూ వెనుక పలకపై ఒక చిన్న స్విచ్ ఉంది, ఒక పక్క +4, ఇంకో పక్క -10. రెండోది -10 డీబీవీ, అంటే దాదాపు 0.32 వోల్టులు. అటు జరిపితే చిటపట పోయింది. స్విచ్ లేని యాంపుల్లో సెండ్ లెవెల్ నాబ్ ఉంటే దాన్ని తగ్గించాలి. అదీ లేకపోతే చానెల్ వాల్యూమ్ తగ్గించి మాస్టర్ (యాంప్ మొత్తం వాల్యూమ్) పెంచుకోవాలి. చాలా యాంపుల్లో చానెల్ వాల్యూమ్ లూప్‌కు ముందు, మాస్టర్ లూప్ తర్వాత ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది.

స్థాయి సరిపోయిందో లేదో నేను ఇలా చూసుకుంటాను. పెడల్ మిక్స్ (ఎఫెక్ట్ ఎంత కలవాలో చెప్పే నాబ్) పూర్తిగా తగ్గించి ఆన్, ఆఫ్ చేస్తూ వాయించాలి. వాల్యూమ్‌లో గానీ ట్రెబుల్‌లో గానీ తేడా వినబడకూడదు. వినబడితే ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాతే డిలే టైమ్ లాంటివి ముట్టుకోవాలి.

ఆ పలకపైనే ఇంకో నాబ్ ఉంది, ఎఫెక్ట్స్ మిక్స్ అని. ఇది నన్ను బాగానే తిప్పలు పెట్టింది. సీరీస్ లూప్‌లో సిగ్నల్ మొత్తం పెడళ్ల గుండానే వెళ్తుంది. ప్యారలల్ లూప్‌లో కొంత సిగ్నల్ యాంప్ లోపలే నేరుగా వెళ్లి, పెడల్ నుంచి వచ్చిన దానితో చివర్లో కలుస్తుంది. ఆ పాళ్లను నిర్ణయించేదే ఈ నాబ్. నాబ్ సగంలో ఉన్నప్పుడు నా టోన్ ఏదో గొట్టంలోంచి వస్తున్నట్టు పలచబడింది. డిజిటల్ పెడల్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చి తిరిగి మార్చడానికి ఒకటి రెండు మిల్లీసెకన్లు తీసుకోవచ్చు. ఆ కాస్త ఆలస్యంతో వచ్చిన డ్రై సిగ్నల్ (ఎఫెక్ట్ కలవని అసలు సిగ్నల్), ఆలస్యం లేకుండా వచ్చిన దానితో కలిస్తే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ప్యారలల్‌లో వాడాలంటే పెడల్ నుంచి ఎఫెక్ట్ ఒక్కటే రావాలి, డ్రై అసలు రాకూడదు. నా డిలేలో డ్రైను పూర్తిగా ఆపే సదుపాయం ఉంది, రివర్బ్‌లో లేదు. అందుకని మిక్స్ నాబ్‌ను వంద శాతానికి తిప్పి, లూప్‌ను సీరీస్‌లా వాడుకుంటున్నాను. నన్నడిగితే పెడళ్లు వాడేవాళ్లకు సీరీస్ లూపే సుఖం.

తర్వాతి తలనొప్పి హమ్. లూప్ కేబుళ్లు పెట్టిన క్షణం నుంచీ సన్నగా ఒక గుంయ్ మొదలైంది. గిటార్ వాల్యూమ్ సున్నాకు తిప్పినా తగ్గలేదు, కాబట్టి పికప్ పట్టుకుంటున్న రొద కాదు. డిలే పెడల్‌కు అడాప్టర్ తీసేసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూస్తే హమ్ మాయం. దొంగ దొరికాడు. ముందున్న పెడళ్లకూ లూప్‌లోని పెడళ్లకూ ఒకే అడాప్టర్ నుంచి గొలుసుకట్టు తీగతో కరెంటు ఇస్తున్నాను. కేబుళ్ల గ్రౌండ్ ఎలాగూ యాంప్‌లో కలుస్తుంది, అడాప్టర్ తీగలో ఇంకోసారి కలుస్తోంది. ఆ చుట్టు తిరిగిన దారే గ్రౌండ్ లూప్. ఔట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి కలవని ఐసొలేటెడ్ పవర్ సప్లై తెచ్చాక చాలా మటుకు పోయింది. నాలుగు కేబుళ్లనూ విడివిడిగా పరచకుండా దగ్గరగా చేర్చి కట్టాక మిగిలిందీ పోయింది.

హమ్ పోగొట్టడానికి యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతుంటారు. ఆ పని చేయొద్దు. ట్యూబ్ యాంప్ లోపల వందల వోల్టులుంటాయి. ఏదైనా తేడా జరిగితే ఆ ఎర్తే మనల్ని కాపాడేది, పైగా మన వేళ్లు ఎప్పుడూ లోహపు తీగల మీదే ఉంటాయి.

ఏది ఎక్కడ అన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు ఒకటుంది. వా, కంప్రెసర్ (గట్టి, చిన్న శబ్దాల తేడా తగ్గించేది), ఓవర్‌డ్రైవ్ యాంప్ ముందు; కోరస్ (రెండు గిటార్లు కలిసి మోగినట్టు చేసేది), డిలే, రివర్బ్ లూప్‌లో. చాలావరకు నిజమే. ఫజ్ (బాగా గరుకైన డిస్టార్షన్ పెడల్) అయితే కొన్ని రకాలు గిటార్ పికప్ పక్కనే ఉండాలని పట్టుబడతాయి, మధ్యలో బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా చూసే సర్క్యూట్) ఉన్న పెడల్ వస్తే గొంతు మార్చేస్తాయి. ఫేజర్‌ను మాత్రం నేను ముందే ఉంచాను. లూప్‌లో పెడితే దాని ఊపు మరీ కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. డిస్టార్షన్‌కు ముందుంటే మెత్తబడి తీగల్లో కలిసిపోతుంది. ఇది పూర్తిగా ఇష్టం మీద ఆధారపడిన విషయం.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఈక్వలైజర్ పెడల్. యాంప్ ముందు పెట్టి పెంచితే లీడ్ చానెల్‌లో డిస్టార్షన్ ఎక్కువవుతుంది తప్ప శబ్దం పెద్దగా పెరగదు. అదే పెడల్ లూప్‌లో ఉంటే డిస్టార్షన్ మారకుండా వాల్యూమ్ పెరుగుతుంది. సోలో వచ్చినప్పుడు మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) కాస్త ఎత్తి, లెవెల్ పెంచి నొక్కితే డ్రమ్స్ మీదుగా గిటార్ వినబడుతుంది. చానెల్ మార్చినప్పుడు ఇంకో లాభం ఉంది. లీడ్ నుంచి క్లీన్‌కు మారినా, వెనుక మోగుతున్న ప్రతిధ్వనులు లీడ్ గొంతుతోనే ముగుస్తాయి. డిలే యాంప్ ముందుంటే అవీ చానెల్‌తో పాటే మారిపోయేవి.

ఒక పరిమితి చెప్పాలి. లూప్ పవర్ యాంప్‌కు ముందే ముగుస్తుంది. మాస్టర్ వాల్యూమ్ లేని పాత తరహా యాంప్‌లో వాల్యూమ్ బాగా పెంచి పవర్ ట్యూబులను క్లిప్ చేస్తే, లూప్‌లో పెట్టిన డిలే కూడా ఆ క్లిప్పింగ్‌కు దొరికిపోతుంది. క్లీన్ చానెల్ మాత్రమే వాడేవాళ్లకు లూప్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు, అన్నీ ముందే పెట్టుకోవచ్చు.

కొన్నాళ్లు లూప్ వాడకుండా పక్కన పెడితే యాంప్ శబ్దం హఠాత్తుగా సన్నబడటమో, ఆగి ఆగి రావడమో జరగొచ్చు. ట్యూబులు పోయాయని టెన్షన్ పడకముందు సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక ప్యాచ్ కేబుల్ పెట్టి చూడండి. శబ్దం తిరిగొస్తే లోపం రిటర్న్ జాక్‌లో ఉన్న చిన్న స్విచ్‌ది. ప్లగ్ లేనప్పుడు సిగ్నల్‌ను దాటించేది అదే, దానికి తుప్పో దుమ్మో పట్టి ఉంటుంది. యాంప్ ఆపేసి, ప్లగ్ మీద కాంటాక్ట్ క్లీనర్ చల్లి జాక్‌లో పలుమార్లు పెట్టి తీస్తే చాలావరకు సర్దుకుంటుంది.